పినో నువార్‌లో నీళ్లు

1984 ఎండాకాలం. వరంగల్‌లో మద్యం నమూనాలు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో నేను జూనియర్ కెమిస్టును. మా బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా కల్తీ కల్లు, నాటుసారా. ఆ రోజు మాత్రం ఫ్రాన్సు నుంచి అతిథి వచ్చింది. సీసా మీద పినో నువార్ అని ఉంది. బర్గండీ అనే చలి ప్రాంతంలో పండే నల్లద్రాక్ష పేరది. మన ఎండలో చెమటలు కక్కుతూ వచ్చిన ఆ సీసాను చూస్తే జాలేసింది.

మిల్లులో మిషన్లు బిగించడానికి వచ్చిన ఫ్రెంచ్ ఇంజనీరు దాన్ని కాంట్రాక్టర్ రాజలింగానికి కానుకగా ఇచ్చాడట. ఆయన హోటల్లో విందు పెట్టాడు. అక్కడి స్టీవార్డ్ సలీం భాయ్, అతిథుల ముందు చప్పుడెందుకని మర్యాదగా వంటింట్లోనే బిరడా తీసి తెచ్చాడు. గ్లాసులో ఎరుపు పలచగా కనిపించింది. సగం తాగి నీళ్లు కలిపాడని రాజలింగం విందులోనే అతన్ని దొంగ అన్నాడు. హోటల్ యజమాని అతన్ని పనిలోంచి తీసేశాడు. ఫిర్యాదు, సీసాతో పాటే రాజలింగం, సలీం భాయ్ కూడా మా దగ్గరికి వచ్చారు.

“చూడుండ్రి సార్, గ్లాసుకు అవతల వేలు పెడితే ఇవతలికి కనవడుతాంది. పోరగాళ్ల షర్బత్ లెక్కుంది!” అన్నాడు రాజలింగం.

“ఇన్నేండ్లసంది పోస్తున్న సార్. ఒక్క చుక్క నాలుకకు తాకనియ్యలే, అల్లా కసం,” అన్నాడు సలీం భాయ్.

మా రిపోర్టులో ఒట్లకు కాలమ్ లేదు. డిస్టిలేషన్‌కు ఉంది. అంటే వైన్‌ను మరిగించి, ఆవిరిని చల్లార్చి, ఆల్కహాల్ ఎంతో కొలవడం. సగం నీళ్లయితే అంకె కూడా సగానికి పడాలి.

ముందు వాసన చూడాలి. నేరేడు పండ్లు, తడిమట్టి, ఎక్కడో ఎండిన గులాబీ రేకులు. సారాకు అలవాటుపడ్డ నా ముక్కు లేచి నిలబడి దండం పెట్టింది.

చుక్కలు మెల్లగా పడుతున్నాయి. సినిమాలో అయితే ఇక్కడ ఉరుము ఉరమాలి. మా ల్యాబ్‌లో ఫ్యాన్ కిర్రుమంది. లేబుల్ మీద పదమూడు శాతం అని ఉంది. మాకూ పదమూడే వచ్చింది.

“చుక్క నీళ్లు కూడా లేవు సార్. వైన్‌కు రంగు ద్రాక్ష తోలు నుంచి వస్తుంది. దీని తోలే పలచన,” అన్నాను.

రాజలింగం సీసాను చూశాడు, నేలను చూశాడు. “తప్పైంది సలీం భాయ్. మాఫ్ చెయ్యి.”

“దొంగ అన్నది విందుల, అందరి ముంగట. మాఫీ ఈ మూల గదిల, సీసాల ముంగటనా సేట్?”

ఆదివారం రాజలింగం అదే హోటల్‌కు అదే జనాన్ని పిలిచాడు. నన్నూ పిలిచాడు. నిలబడి అన్నాడు: “నాకు తాగుడు తెల్వది, తిట్టుడే తెలుసు. సలీం భాయ్ తప్పేం లేదు.” యజమాని అక్కడికక్కడే అతనికి యూనిఫాం తిరిగి ఇచ్చాడు.

రంగు చూసి తీర్పు రాయకూడదని మా పాఠ్యపుస్తకంలోనే ఉంది. కానీ నా రిపోర్టు వైన్ పరువు వరకే నిలబెట్టగలిగింది. మనిషి పరువు ఎక్కడ తీశామో అక్కడే తిరిగి ఇవ్వాలని సలీం భాయ్ దగ్గర నేర్చుకున్నాను.