గొడ్డలి ఇస్తానన్న మాట

నేను అడిగింది ఒక్క గొడ్డలి. అది కూడా నిజం గొడ్డలి కాదు, కాగితం మీద రాసుకునే గొడ్డలి. దానికోసం రెండేళ్లు ఆదివారాలు ధారపోశానంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది, నవ్వు వెనకాలే ఒళ్లు మండుతుంది.

ఉప్పల్‌లో ఒక అపార్ట్‌మెంట్ మీద, నీళ్ల ట్యాంకుల పక్కనున్న గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం నలుగురం కూర్చుని ఒక ఆట ఆడేవాళ్లం. బల్ల చుట్టూ కూర్చుని చెప్పుకునే కథ లాంటి ఆట. ఒకరు కథ నడిపిస్తారు. అడవి, కోట, రాక్షసులు అన్నీ ఆయన నోట్లోంచే వస్తాయి. మిగతావాళ్లం ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా ఆ కథలో తిరుగుతాం. కొట్లాట వస్తే వంతులవారీగా పాచిక వేయాలి. పడిన అంకెను బట్టి దెబ్బ తగిలిందో లేదో తేలుతుంది. మనకైనా రాక్షసులకైనా ప్రాణం ఇంత అని ఒక లెక్క ఉంటుంది. దెబ్బ తగిలినకొద్దీ అది తగ్గుతూ వచ్చి, సున్నా అయితే పడిపోతారు.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది మా తమ్ముడే. "ఒకరు తక్కువ వడుతున్రక్కా, నువ్వు రారాదా" అని వారం రోజులు నసపెట్టాడు. నాది నాచారంలో మందుల కంపెనీలో ఉద్యోగం. వారమంతా నిలబడి మాత్రలు పరీక్ష చేయాలి. ఆదివారం వస్తే కాళ్లు చాపుకుని పడుకోవాలనే ఉంటుంది ఎవరికైనా. అయినా సరేనన్నాను. అనడమే కాదు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని నా పాత్ర బొమ్మ కూడా గీసుకున్నాను. పొట్టిగా, బలంగా ఉండే ఆడమనిషి. చేతిలో రెండంచుల గొడ్డలి. ఎవరేమన్నా లెక్కచేయని మొహం. గీస్తుంటేనే నాకు హుషారొచ్చింది.

కథ నడిపించే ఆయన్ని మేమంతా అన్న అనేవాళ్లం. ఏదో సైన్సు సంస్థలో ఉద్యోగం, నెమ్మదైన మాట, చేతిలో ఎప్పుడూ చాయ్ గ్లాసు. నా బొమ్మ చూసి "మస్తుంది చెల్లె" అన్నాడు. అని, తిరిగి నా చేతికే ఇచ్చేశాడు.

"కొట్టేటోడు మీ తమ్ముడు ఉండనే ఉన్నడు. మంత్రాలేసేటోడు బావ ఉన్నడు. దెబ్బలు మాన్పేటోళ్లే లేరు. కొట్లాటకు పోయే పార్టీ అన్నంక బ్యాలెన్స్ ఉండాలె గద?"

బావ అంటే నిజంగా ఎవరికీ బావ కాదు. రైల్వే ఆఫీసులో పనిచేస్తాడు, మగవాళ్లంతా అలా పిలుస్తారు. "మందుల కంపెనీల్నే చేస్తవ్ గద సిస్టర్, నీకు గదే సెట్టయితది" అని నవ్వాడు. మా తమ్ముడూ నవ్వాడు. కొత్త కదా, నేనూ నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

నా మొహం చూసి అన్నకు జాలేసిందో ఏమో, "కథల కోట తలుపు దాటిందాంక చెయ్యి చెల్లె. దాటినంక పాత్ర మార్సుకో. నీ గొడ్డలి నీకిస్త, నా మాట" అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను కూర్చున్నాను.

ఇక కొట్లాటల సంగతి చెప్పాలి. కథలో ఒక్క కొట్లాట అంటే పది శ్వాసల పని. బల్ల దగ్గర మాత్రం మధ్యాహ్నం మొత్తం దానికే పోయేది. బావ వంతు వచ్చిందంటే అయిపోయాం. ఆయన అప్పుడు మంత్రాల లెక్కలుండే పుస్తకం తీస్తాడు. అగ్గి మంత్రమా, మంచు మంత్రమా? అగ్గి వేస్తే మనవాళ్లకు కూడా తగులుతుందా? తగిలితే ఎంత? మొదట్నుంచీ ఖాళీగా కూర్చున్న మనిషి, తన వంతు వచ్చాకే ఆలోచించడం మొదలుపెడతాడు. తర్వాత మా తమ్ముడు. వాడు పాచికను రెండు చేతుల్లో పెట్టుకుని ఊది, కళ్లు మూసుకుని, దండం పెట్టి వేస్తాడు. తర్వాత రాక్షసులు, ఒక్కొక్కడికీ విడిగా. అందరూ అయ్యాక నేను.

నా వంతు ఎంతసేపనుకున్నారు? "తమ్ముని గాయం మాన్పుతున్నా." అంతే. పాచిక వేస్తాను, పడిన అంకె వాడి ప్రాణానికి కలుస్తుంది. నేను తలెత్తేలోపు బావ మళ్లీ పుస్తకం తీసేవాడు. ఒక ఆదివారం దగ్గర్లోని క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ ఉంది. జనం అరుపులు మా గదిలోకి వినబడుతున్నాయి. అక్కడ ఒక జట్టు బ్యాటింగ్ మొత్తం ముగించి లోపలికి వెళ్లిపోయింది, ఇక్కడ నా వంతు రెండోసారి రాలేదు. ఒట్టు, ఎక్కువ చేసి చెప్పడం లేదు.

ఉండబట్టలేక ఆరోజే అడిగాను. "అన్నా, రాక్షసుల ప్రాణం జర తగ్గించరాదా? కొట్లాటలు జల్దీ అయిపోతయ్."

"అట్ల కుదరదు చెల్లె. రూలంటే రూలే. తగ్గిస్తే మజా ఏముంటది?"

రూలన్నాడు కాబట్టి నోరు మూసుకున్నాను. మాత్రల పరీక్షలో నా బతుకంతా రూళ్లే. రూలు ముందు వాదన ఉండదని నమ్మే మనిషిని.

రెండో ఏడు చివరికి కోట తలుపు వచ్చింది. అన్న ఆ మాట అనగానే నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. తలుపు ముందు ఒక రాతి రాక్షసుడు. వాడు పడితే తలుపు తెరుచుకుంటుంది, నా గొడ్డలి నాకొస్తుంది. ఆ వారం ఇంటికొచ్చి పాత బొమ్మ వెతికి, మడతలు సాపు చేసి బ్యాగులో పెట్టుకున్నాను.

మొదటి ఆదివారం రాక్షసుడు పడలేదు. రెండో ఆదివారమూ పడలేదు. ఎంత కొట్టినా పడడు. మా తమ్ముడు నేల కరుస్తాడు, నేను లేపుతాను. బావ నేల కరుస్తాడు, ఆయన్నీ లేపుతాను. లేపినకొద్దీ వాడు కొడతాడు, కొట్టినకొద్దీ నేను లేపుతాను. ఇళ్లకు వెళ్లేటప్పుడు బండి మీద వెనక్కి తిరిగి మా తమ్ముడు "వచ్చే వారం పక్కా పడ్తడక్కా" అనేవాడు. మూడో ఆదివారమూ అదే పాట. తల ప్రాణం తోకకొచ్చింది నాకు. అయినా బొమ్మ బ్యాగులోంచి తీయలేదు.

ఆ తర్వాతి ఆదివారం మా కంపెనీలో తనిఖీ. అందరూ రావాల్సిందే అన్నారు. పొద్దున్నే తమ్ముడికి చెప్పాను, "నేను లేకుంటే ఆ కొట్లాట ఆడకున్రి. వేరేదేమన్న ఆడుకోన్రి" అని. "సరే సరే" అన్నాడు వాడు అద్దంలో జుట్టు దువ్వుకుంటూ.

ఆడారు. ఆడడమే కాదు, ముగించారు.

మళ్లీ ఆదివారం నేను గదిలోకి అడుగుపెట్టగానే బావ చేతులు పైకెత్తి "పడ్డడు సిస్టర్, పడ్డడు! ఒక్క గంటల పని ఖతం!" అని కేకేశాడు. నాకు మొదట సంతోషమే వేసింది. తలుపు తెరుచుకుందంటే నాకిచ్చిన మాట దక్కినట్టే కదా. ఆ వెంటనే అనుమానం వచ్చింది. మూడు వారాలు కదలనివాడు గంటలో ఎలా పడ్డాడు?

"ఎట్ల పడ్డడు?" అన్నాను.

"అన్న వాని ప్రాణం సగం చేసిండక్కా" అన్నాడు మా తమ్ముడు, సమోసా నములుతూ.

నేను అన్న వంక చూశాను. ఆయన తాపీగా చాయ్ తాగుతున్నాడు. దాచుకోవాల్సిన సంగతేమీ కాదన్నట్టు, నిమ్మళంగా చెప్పాడు. "నువ్వు లేవు గద చెల్లె. మాన్పేటోళ్లు లేనప్పుడు గంత ప్రాణం పెడితే వీళ్లు సచ్చిపోరా? బ్యాలెన్స్ చెయ్యాలె."

"మరి నేనున్నప్పుడు?"

"నువ్వుంటే ఎక్కువ పెట్టాలె. లేకుంటే వీళ్లకు దెబ్బ తగిలినట్టే ఉండదు. నువ్వెంత మాన్పుతవో సూసుకొని, గంత వానికి కలుపుత."

నేను తమ్ముడికి పోసిన ప్రాణమంతా ఆయన అటు తీసుకెళ్లి రాక్షసుడికి పోశాడు. నేను లేకపోతే గంటలో అయ్యే కొట్లాట, నేనుండబట్టి మూడు వారాలు సాగింది. నేను ఎంత బాగా పనిచేస్తే అది అంత పొడుగు. తగ్గించమని నేను అడిగితే రూలు అడ్డం వచ్చింది. వాళ్లిద్దరు పడిపోతారంటే రూలు ఎటు పోయిందో! రెండేళ్లు నేను చేసిన పని ఎందుకూ కొరగాలేదు. ఏడుపొచ్చింది. అది రాక్షసుడి కోసం ఏడవడంలా ఉంటుందని మింగేశాను.

"సరే అన్నా. తలుపు దాటినం గద. నా గొడ్డలి?" అన్నాను, బొమ్మ తీసి బల్ల మీద పెట్టి.

ఆయన దాన్ని చూశాడు. అది ఏమిటో గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. "ఇస్త చెల్లె, ఎటు పోతది? లోపల ఇంకా పెద్దోడున్నడు. ఇప్పుడు నువ్వు మారితే పార్టీ ఆగమైతది. వాడు కూడా పడనియ్యి."

తమ్ముడి వంక చూశాను. వాడన్నా ఒక్క మాట అంటాడనుకున్నాను. "అవునక్కా, ఒక్కటే గద" అన్నాడు.

కూర్చున్నాను. కొట్లాట మొదలైంది. బావ పుస్తకం తీశాడు, తమ్ముడు పాచిక ఊదాడు, లోపలి పెద్దోడు తమ్ముణ్ని ఒక్క దెబ్బకు కింద పడేశాడు. నా వంతు వచ్చింది. "నేను నిలబడి చూస్తున్నా" అన్నాను.

"మాన్పక్కా!" అన్నాడు తమ్ముడు.

"నిలబడి చూస్తున్నా" అన్నాను మళ్లీ.

ఇప్పుడన్నా అడుగుతారు, ఎందుకలా అంటున్నావని, అనుకున్నాను. చెప్పడానికి నా దగ్గర రెండేళ్ల మాటలున్నాయి. అన్న గ్లాసు కింద పెట్టి, గొంతు మార్చి కథ ఎత్తుకున్నాడు. "అప్పుడు ఎక్కడో నగారా మోగింది. పెద్దోడు భయపడి చీకట్లోకి పారిపోయిండు. తమ్ముడు మెల్లగ కండ్లు తెరిచిండు." బావ చప్పట్లు కొట్టాడు. "ఇయ్యాల జల్దీ అయింది, మస్తయింది" అని చాయ్ తేవడానికి లేచాడు.

నేను బొమ్మ మడిచి బ్యాగులో పెట్టుకుని మెట్లు దిగాను. రింగ్ రోడ్డు దాకా నడిచి మా ఇంటికి నాచారం ఆటో ఎక్కాను. మళ్లీ ఆ గదికి పోలేదు.

కొన్ని నెలలు పోయాక ఒక ఆదివారం, ఆట నుంచి వచ్చిన తమ్ముడికి అన్నం పెడుతూ అడిగాను, అడగకూడదనుకుంటూనే. "నా పాత్ర ఏమైంది?"

"ఉంది గదక్కా. అన్ననే నడిపిస్తుండు. మా ఎనకాల నడుస్తది, దెబ్బ తగిల్తే మాన్పుతది."

"సంపెయ్యమని చెప్పు అన్నకు."

"అమ్మో! బ్యాలెన్స్ పోతది." నవ్వాడు. "ఇప్పుడే మంచిగుందక్కా. అది ఏం మాట్లాడది, దాని వంతుకు టైమే పట్టదు." అని, నా వంక చూడకుండానే పళ్లెం ముందుకు జరిపాడు. "జర పప్పెయ్యి."

"లేచి ఏసుకో" అన్నాను.

వాడు తలెత్తి చూశాడు. "ఏమైందక్కా?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు. అందుకే నాకు ఎక్కువ మండింది.