దీంట్లో ఎవరెవరుండారు?

మొన్న మంగళవారం ఒక పాత గేమ్ యంత్రాన్ని బల్ల మీద బోర్లించి, అడుగున స్పిరిట్ దూది రాస్తుంటే చందనం వాసన వచ్చింది. ఏళ్ల కిందట ఎండి అట్టకట్టిన చందనం, మధ్యలో నల్లబడిన కుంకుమ. ఆ బొట్టు పెట్టింది నేనే. పెట్టకూడని బొట్టు అది. వాసన తగలగానే సరోజక్క గుర్తొచ్చింది.

సరోజక్క అంటే కె. సరోజ. పుదుచ్చేరిలో, ఉప్పళం సందులో ఆమెకు టీవీలు, వీడియో గేమ్ యంత్రాలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. పాతవి కొని, సరిచేసి అమ్మేది కూడా. నాకు పనీ, తిట్లూ రెండూ కడుపునిండా దొరికింది అక్కడే. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే. తాతల కాలం నుంచి ఈ ఊళ్లో ఉన్నవాళ్లం. చదువు మాత్రం తమిళంలో. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను, ఆమె నేర్చుకోలేదు. బతికి ఉంటే ఈ నాలుగు మాటలూ నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. సగంలోనే "చాల్లే పాపా, పని చూడు" అనేది.

ఎవరైనా పాత యంత్రం అమ్మడానికి తెస్తే ఆమె ముందు ఒకటే అడిగేది. "దీంట్లో ఎవరెవరుండారు?" వచ్చినవాళ్లు తెల్లముఖం వేసేవాళ్లు. "ఆటల డబ్బాక్కా, దీంట్లో ఎవరుంటారు?" అని ఒకాయన నవ్వాడు. పాస్‌వర్డు అడిగితే కొట్టులో ఉన్న అందరి ముందూ గట్టిగా చెప్పేశాడు: కులదైవం పేరు, పక్కన ఇంటి నంబరు. "సామి పేరు వీధంతా తెలుసు కదన్నా, అదొక తాళమా?" అని సరోజక్క యంత్రాన్ని టీవీకి తగిలించింది. ఆయన కూతురి ఫోటో, ఇంటి చిరునామా, బ్యాంకు కార్డు, ఆ పిల్లకు ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన మెసేజీలు. ఆయన నవ్వు ఎక్కడికో పోయింది. ఫోనంటే జనానికి కాస్తయినా జంకు ఉంది, ఆటవస్తువంటే అదీ లేదు, అందుకే ఇది ఇంకా చెడ్డది అని ఆమె నాతో చాలాసార్లు అంది.

లోపలున్నదంతా పూర్తిగా చెరిపాక ఆమె యంత్రం అడుగున చందనం అద్ది, కుంకుమ బొట్టు పెట్టేది. బొట్టుంటే అమ్మొచ్చు, లేకుంటే ముట్టకూడదు. కాగితం అంటిస్తే ఊడిపోతుందని, బొట్టయితే తుడవడానికి ఎవరికీ చెయ్యి రాదని ఆమె నమ్మకం.

ఒకసారి విల్లియనూరు నుంచి జయమ్మ అనే ఆమె ఒక యంత్రం తెచ్చింది. ఆమె కొడుకు మోహన్ జ్వరంతో పోయి అప్పటికి మూడు నెలలు. ఎప్పటి ప్రశ్న సరోజక్క అడగగానే ఆమె ఏడ్చింది. "చూస్తే కడుపు రగలతా ఉండాది, మీరే పెట్టుకోండి" అని వెళ్లిపోయింది. వెంటనే చెరపడానికి మనసొప్పక సరోజక్క దాన్ని అరలో పెట్టింది.

ఆ తరువాత ఆయుధపూజ వచ్చింది. ఆమె గుడికి పోతూ కొట్టులో పూజ నాకు అప్పగించింది. నాకు భక్తి పొంగుకొచ్చింది. స్క్రూడ్రైవర్లకు, ఫ్యానుకు, చివరికి నేను కూర్చునే స్టూలుకు కూడా బొట్లు పెట్టాను. అరలోని యంత్రాలన్నింటికీ పెట్టాను. పైన పెడితే మరకవుతుందని తెలివిగా అడుగున పెట్టాను. రెండు రోజుల తరువాత ఊళ్లోనే ఉన్న సారం పేట నుంచి ఒక కుటుంబం వస్తే, ఆ బొట్టు పెట్టింది నేనేనన్నది మరిచి, బొట్టు చూసి మోహన్ యంత్రాన్ని అమ్మేశాను.

ఆ సాయంత్రమే జయమ్మ ఫోన్ చేసింది. "పాపా, నా కూతురు ఫోన్లో మోహన్ పేరు పచ్చగా వెలగతా ఉండాది. వాడు ఆడతా ఉండాడంట. ఎవురు పాపా ఆడేది?"

పరుగున వెళ్లి సరోజక్కకు చెప్పాను. ఆమె నన్ను బండెక్కించుకుని సారం వెళ్లింది. అక్కడ ఎనిమిదేళ్ల పిల్ల మోహన్ పేరుతోనే ఆడుతోంది. అతని స్నేహితుడెవరో "నువ్వు బతికే ఉన్నావా?" అని మెసేజ్ పెడితే, పాపం, "అవును" అని బదులిచ్చింది. సరోజక్క వాళ్లకు మరో యంత్రం ఇచ్చి దాన్ని వెనక్కి తీసుకుంది. అక్కడి నుంచి నేరుగా విల్లియనూరు.

"తప్పు నాది" అంది ఆమె జయమ్మతో. నేను నోరు తెరవబోతే నా మణికట్టు గట్టిగా నొక్కింది. ఇప్పుడే, మీ కళ్ల ముందే చెరిపేస్తానని చెప్పింది. జయమ్మ యంత్రాన్ని ఒళ్లోకి లాక్కుంది. "వొద్దు. ఎవురైతే ఏంది, ఆ రొండు గంటలు నాకు వాడు ఉండాడు."

సరోజక్క చెరపలేదు. బ్యాంకు కార్డు వివరాలు తీసేసి, స్నేహితుల జాబితా ఖాళీ చేసి, నెట్ తెంపేసి ఇచ్చింది. "ఇంట్లో ఉండనీమ్మా. వీధిలోకి మాత్రం పంపొద్దు. బయట వాడి పేరుతో ఎవురైనా మాట్లాడతారు."

తిరిగొస్తూ దారిపొడవునా ఏడ్చాను. నన్నెందుకు వెనకేసుకొచ్చావని అడిగాను. "బొట్టు చూసి నమ్మమని నేర్పింది నేనే కదా. ఇంక గుర్తును నమ్మొద్దు పాపా, తెరిచి చూడు" అంది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆ రోజు తప్పు నాదని జయమ్మకు చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మొన్న మంగళవారం సారంలోని నా కొట్టుకు ఆ యంత్రం తెచ్చింది జయమ్మే. నా తప్పు చెప్పాను. "తెలుసు పాపా, అప్పుడే నీ మొహం చూసినా" అంది. యంత్రాన్ని నా ముందుకు జరిపింది. "నేను పోతే ఇది ఎవురి చేతికి పోతాదో. నేనుండంగానే చెరిపెయ్."

అలవాటు కొద్దీ నోటికి వచ్చేసింది. "దీంట్లో ఎవరెవరుండారమ్మా?"

"ఒకడే" అంది.

చెరపాలా అని తెర రెండుసార్లు అడిగింది. రెండోసారి ఆమే నొక్కింది. యంత్రాన్ని బోర్లించి నా పాత బొట్టును తుడిచాను. కొత్తది పెట్టడానికి చందనం తీసి, ఆగి, ముందు తెరిచి చూశాను. లోపల ఎవరూ లేరు.