జాలి పడుతున్నట్టు చెప్పిన మాట

ఆసుపత్రిలో ఎవరైనా నన్ను "మేడమ్" అని పిలిస్తే ఇప్పటికీ ఒక్క క్షణం తడబడతాను. ఆ పిలుపు ఇంకొకరికి దక్కవలసింది. ఏళ్ల తరబడి మోస్తున్నాను దీన్ని. మా ఆయనకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా పూర్తిగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

పటాన్‌చెరు దగ్గర ఒక మానసిక వైద్యశాలలో నేను నర్సింగ్ డైరెక్టర్‌ని. అక్కడి నర్సులందరి మీదా పెద్దని. ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి మా నాన్న పటేల్‌గూడలో స్థిరపడ్డాడు. చదువులో నేనెప్పుడూ ముందే. ఉద్యోగంలో చేరింది కూడా నాతో పనిచేసిన సుగుణ కంటే ముందే.

సుగుణది కర్దనూర్, రైతుల ఇల్లు. అప్పట్లో నేను మగవాళ్ల వార్డుకి, తను ఆడవాళ్ల వార్డుకి ఇన్‌ఛార్జులం. నా వార్డు శుభ్రంగా ఉండేది, మందులు వేళకి అందేవి, ఎవరూ వంక పెట్టలేకపోయేవారు. కానీ నయమై ఇంటికి వెళ్లేటప్పుడు రోగులు వెతుక్కునేది సుగుణని. కొల్లూరు కాలనీ నుంచి వచ్చిన ఒకావిడ ముద్ద ముట్టడం మానేసింది. నన్నడిగితే, ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపాలన్నాను. సుగుణ తన టిఫిన్ డబ్బా పట్టుకెళ్లి, ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని తను తినడం మొదలుపెట్టింది. తినమని అడగలేదు. కాసేపటికి ఆవిడే చెయ్యి చాచింది. వార్డంతా సంబరపడింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపల మండిపోయాను. అది నాకెందుకు తట్టలేదు? తట్టినా, నేను నేల మీద కూర్చునేదాన్నా?

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం తిన్నాక సుగుణ ఒక మాత్ర మింగింది. మేం రోగులకిచ్చే మాత్రే. నేను చూశానని గమనించి తనే చెప్పింది.

"కాన్పయినంక నా మనసు మస్తు కరాబయిందక్కా. బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోయేది. దవాఖానల ఉన్న. ఇప్పుడు మంచిగనే ఉన్న గని, గోలీ ఇడువలే. నీకొక్కదానికే చెప్తున్న."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చానని నమ్ముతున్నాను.

కొంతకాలానికి పాత డైరెక్టర్ రిటైర్ అవుతున్నారని తెలిసింది. ఆ పదవి సుగుణకేనని అందరూ అనుకోసాగారు. ఇంట్లో వంట చేస్తూ, ఆమె నాకు పనులు పురమాయిస్తున్నట్టు ఊహించుకుని కుమిలిపోయేదాన్ని. ఒకరోజు పెద్ద డాక్టరు గారు పిలిచి ఆమె మీద నా అభిప్రాయం అడిగారు. పొగిడాను. బాగా పొగిడాను. తర్వాత గొంతు తగ్గించి, పాపం తను కూడా ఆ మాత్రలే వాడుతోందని, ఒకప్పుడు ఆసుపత్రిలో చేరిందని, ఇంత బరువు మోయగలదో లేదోనని బెంగగా ఉందని చెప్పాను. జాలి పడుతున్నట్టే చెప్పాను. అందులో ఒక్క అబద్ధం లేదు, అందుకే నన్ను నేను ఇన్నేళ్లు మభ్యపెట్టుకోగలిగాను. మనసుకొచ్చే జబ్బు కూడా జ్వరం లాంటిదే, సిగ్గుపడకండి అని రోగుల ఇళ్లవాళ్లకు రోజూ చెప్పే నోటితోనే ఆ మాట అన్నాను. డాక్టరు గారు తలూపారు.

కుర్చీ నాకొచ్చింది. ఒత్తిడి తక్కువని సుగుణను వార్డు నుంచి తీసి ఓపీలో కూర్చోబెట్టారు. తను నా కొత్త గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"అక్కా, సార్‌కు నా గోలీల ముచ్చట ఎవలు చెప్పిన్రు?"

"నాకేం తెలుసు? నువ్వు మింగుతుంటే ఎవరైనా చూసుంటారు."

"నీకు తప్ప నేనెవ్వలకు చెప్పలే."

"అంటే నా మీద అనుమానమా?" గొంతు పెంచాను.

"లే అక్కా, గట్లెందుకంట? కొత్త పని గద, పైలం," అని నాకే జాగ్రత్త చెప్పి వెళ్లిపోయింది. కొద్ది రోజులకే ఉద్యోగం మానేసింది.

నిరుడు పటాన్‌చెరు కూరగాయల మార్కెట్లో ఆమె భర్త కనిపించాడు. "గోలీలు మింగుతదనే గద మేడమ్ వార్డు పోయింది. ఇగ మింగనని బంద్ జేసింది. మల్ల బీమారొచ్చింది, మస్తు పరేషానయినం," అన్నాడు. ఇప్పుడు కోలుకుందట. నర్సు పని మాత్రం వద్దే వద్దందట. ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్‌కి వెళ్తోందట. "ఆడ కూడ ఆడోళ్లకు ఏ కష్టమొచ్చినా ఈమెనే కావాలె," అన్నాడు, కాస్త గర్వంగా.

ఆ మాట వినగానే నాలో ముందు లేచింది పశ్చాత్తాపం కాదు. అసూయ. ఇంత చేశాక కూడా. ఆమెకు రావలసిన పదవిలో కూర్చుని, అది పోగొట్టుకున్న ఆమెను చూసి అసూయ. సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నన్ను చూసి నాకే భయమేసింది.

ఆమె ఇంటికి వెళ్లలేదు. వెళ్తే క్షమిస్తుందేమో. అప్పుడు ఆమె దగ్గర ఇంకొకటి కూడా తీసుకున్నట్టే కదా? లేక ఇదంతా నా పిరికితనం చెప్పించే మాటేనా? తెలియడం లేదు.

సుగుణ అసలు పేరు కాదు. ఆమె ఊరి పేరూ మార్చాను. ఆమె సంగతి రెండోసారి బయటపెట్టే హక్కు నాకు లేదు. నా సంగతి మాత్రం చెప్పాలి. పెద్ద డాక్టరు గారికి చెప్పింది నేనే. ఈ ముక్క రాసి, తలుపు వేసుకుని పైకి చదువుకున్నాను. చేసింది చేసినట్టే ఉంది. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.