ఒంటి పడవకి మా అత్త పెట్టిన బొట్టు

మా అత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను విశాఖ హార్బర్‌లో ఒడ్డుకెక్కించిన పడవ కింద దూరి, అడుగున పట్టిన నాచూ గుల్లలూ గోకుతున్నాను. ఫోన్ చేసింది నాన్న. "అప్ప ఎల్లిపోనాదే" అన్నాడు. పొద్దున్నే లేచి టీ తాగి, "కాసేపు నడుం వాలుస్తాను, బస్సు టైముకి లేపు" అని మావతో చెప్పి పడుకుందట. ఊరందరినీ లేపడమే తప్ప ఎవరి చేతా లేపించుకోని మనిషి అలా అనేసరికే మావకి అనుమానం వచ్చిందట.

ఏడ్చాను. కానీ ఊరెళ్ళే బస్సులో కూర్చున్నాక అత్త గురించి ఏది తలుచుకున్నా నవ్వే వచ్చింది. పక్క సీట్లో ఆవిడ నన్ను అదేపనిగా చూసి, "పెళ్ళికేటమ్మా?" అని అడిగింది. అవునని తలూపేశాను. ఈ సంగతి అత్తకి చెప్పుకుంటే ఎంత నవ్వేదో అనిపించి మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాను.

అత్తంటే మా నాన్నకి అక్క, ఆయన పిలుపులో అప్ప. మాది విజయనగరం జిల్లా సముద్రపొడ్డున చేపలు పట్టుకుని బతికేవాళ్ళ ఊరు. మా ఇంటికి రెండిళ్ళ అవతలే అత్త ఇల్లు. నాన్నా మావా ఒకే పడవ మీద వేటకి వెళ్తారు. వాళ్ళు తెచ్చింది అత్త గంపకెత్తుకుని, హైవే దాకా ఆటోలో, అక్కణ్ణుంచి బస్సులో చీపురుపల్లి పట్టుకెళ్ళి అమ్మేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా అత్త నోరు అంత మంచిదేం కాదు. అయినా చీపురుపల్లి మొత్తం ఆమెదే. ఆమె గంప దింపుకునే చోటికి ఎదురుగా ఒక కిరాణా కొట్టుంది. ఆ సావుకారు చేప పేరెత్తితేనే ముక్కు మూసుకుంటాడు. కానీ అత్త ఒక్క పూట రాకపోతే బస్సు కండక్టర్ని ఆపి మరీ వాకబు చేసేవాడు. బేరమాడకుండా కొనేవాళ్ళంటే అత్తకి చిరాకు. "బేరం ఆడనోడికి సేప రుసేటి తెలుస్తాది?" అనేది.

నేను విజయనగరంలో డిగ్రీ చదువుతున్నప్పుడు కాలేజీ వాళ్ళు మమ్మల్ని విశాఖ తీసుకెళ్ళి తెరచాప పడవ ఎక్కించారు. అదేం పిచ్చో, ఎక్కినదాన్ని దిగబుద్ధి కాలేదు. అక్కడి సెయిలింగ్ క్లబ్బులో చేరిపోయాను. మా ఊరి పడవలకి తెరచాపలు పోయి ఇంజన్లు వచ్చి చాలా కాలమైంది. నేను నేర్చుకుంటున్నదేంటో విని అత్త బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఓలే గుంటా, మీ తాతకి తెరసాప ఎత్తీ దించీ ఈపు వంగిపోనాది. ఇంజన్ వచ్చిందని కొబ్బరికాయ కొట్టినాడు. నువ్వు మల్లీ ఆ తెరసాపే ఎత్తుతావేటే? సేపలు పడతారా?"

"నేదత్తా."

"మనుసుల్ని దాటిస్తారా?"

"నేదు."

"మరెందుకెల్తారు?"

"ఎవరు ముందొస్తారో సూడ్డానికి."

"ఎక్కడికి?"

"బయల్దేరిన సోటికే."

అత్త నవ్విన నవ్వుకి గంపలో చేపలు కూడా ఉలిక్కిపడి ఉంటాయి. ఆ రోజు నుంచీ ఎవరు కనిపించినా, "మా కోడలు బయల్దేరిన సోటికే బేగి రావడం సదువుతున్నాది" అని చెప్పేది.

ఆ నవ్వులాట అంతా సముద్రం మీద పెద్ద పోటీ వచ్చేదాకానే. విశాఖలో బయల్దేరి పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్ళి తిరిగి రావాలి, పడవకి ఒక్కరే. వెళ్ళేవాళ్ళంతా నా వయసు కుర్రాళ్ళూ అమ్మాయిలే. క్లబ్బు తన పడవల్లో ఒకటి నాకిస్తానంది. నేను కాదంటే ఇంకొకరికి ఇస్తారు.

మా వాళ్ళకి సముద్రమంటే భయం లేదు. ఒంటిగా వెళ్ళడమంటేనే సరిపడదు. ఎంత చిన్న తెప్పైనా మా ఊళ్ళో ఇద్దరు లేనిదే అల దాటదు. ఒకడు నీళ్ళలో పడితే ఇంకొకడు చెయ్యందించి లాగాలి కదా. దానికి తోడు ఇంకో ఆనవాయితీ ఉంది. పడవ దూరం వెళ్ళే ముందు ఆ ఇంటి ఆడపడుచు దాని ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టాలి. మా ఇంటికి ఆడపడుచు అత్తే. నాన్న ఒకటే మాటన్నాడు: "అప్ప బొట్టెట్టితే ఎల్లు. ఎట్టకపోతే ఆ మాటెత్తకు."

"ఎట్టను" అంది అత్త. "ఒంటి పడవకి బొట్టెట్టి నా సేతుల్తో నాను నిన్ను పంపీమంటావేటి?"

నాకు ఆ పోటీ ఎంత కావాలంటే, అన్నం సయించడం మానేసింది. అలాగని అత్తని కాదని వెళ్ళడం నా వల్ల కాదు. పడవకీ నడుముకీ తాడు కట్టుకునే ఉంటానని చెప్పాను. నడి సముద్రంలోనూ పనిచేసే ఫోనుంటుందని చెప్పాను. "ఆ ఫోను నీ సెయ్యట్టుకుని లాగుతాదేటే?" అని అడిగింది. అత్త పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

బయల్దేరడానికి ముందు రోజు నా పేరు తీసెయ్యమని క్లబ్బు కోచ్‌కి చెప్పడానికి మాటలు కూడదీసుకుంటుండగా, హార్బర్ గేటు దగ్గర గొడవ వినిపించింది. వాచ్‌మన్‌తో పోట్లాడి గెలిచి, అత్త లోపలికి వస్తోంది. వెనకాల నాన్న. "సూడ్డానికొచ్చినాను. ఎట్టడానికి కాదు" అని ముందే చెప్పేసింది.

పడవ మొత్తం చూసింది. స్టవ్వు ఊపి చూసింది. పడుకునే పలక మీద పడుకుని చూసి, "దీని మీద సేప కూడా తిన్నగా పడుకోదు" అంది. బాత్రూమ్ ఏదని అడిగింది, బకెట్ చూపించాను, అక్కడ అత్త పెట్టిన తిట్లకి కాసేపు నాకూ కోచ్‌కీ ఊపిరాడలేదు. ఆఖరికి వెనక్కొచ్చి, చుక్కాని కర్రకి బిగించి ఉన్న గొట్టం లాంటి యంత్రం దగ్గర ఆగింది.

"ఇదేటి?"

"ఆటోపైలట్ అత్తా. నాను పడుకున్నప్పుడు ఇదే సుక్కాని పట్టుకుంటాది."

"ఇది నిద్దరోదా?"

"పోదు."

"తిండేటి?"

"కరెంటు. పైనున్న సోలార్ పలకల మీద బతుకుతాది."

"దారి తప్పితే?"

"అరుస్తాది."

అత్త అక్కడే చతికిలబడింది. మా ఊళ్ళో వేట పంచుకునేటప్పుడు మనుషులకే కాదు, పడవకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా తీస్తారు. అత్త పుట్టిన దగ్గర్నుంచీ ఆ పంపకం ముందు కూర్చున్న మనిషి. యంత్రాన్ని కాసేపు చూసి, నాన్న వైపు తిరిగింది.

"ఒరే తమ్ముడూ, దీనికి వాటా తియ్యాలా, అక్కర్నేదా?"

నాన్న నవ్వకుండా, నిజంగానే ఆలోచించాడు. "పని సేస్తన్నాది గదప్పా. తియ్యాల."

"వాటా ఉన్నోడు పడవలో మనిసే గదా? మరి ఈళ్ళిద్దరున్నారు. ఈ గుంట ఒంటిగా ఎల్తన్నాదని సెప్పి ఇన్నాళ్ళూ నన్నెందుకు గాబరా ఎట్టినార్రా?"

అంటూ బొడ్డు దగ్గర దోపుకున్న పొట్లం తీసింది. పసుపూ కుంకుమా. ఎట్టడానికి రాలేదన్న మనిషి ఇంటి దగ్గరే పొట్లం కట్టుకుని బయల్దేరిందన్నమాట. తన మాట పోకుండా నన్ను పంపే దారి కోసం ఆ పడవంతా వెతికింది. ముందు పడవ ముక్కుకి బొట్టు పెట్టింది, తర్వాత ఆటోపైలట్‌కి, తర్వాత నాకు. "నా మీద కోపం ఉంటే ఒడ్డునే ఒగ్గీసి ఎల్లు. అంత సిన్న పడవలో దానికి జాగా నేదు" అంది.

పోటీ జరిగినన్నాళ్ళూ సావుకారు తన ఫోన్లో మ్యాపు మీద నా పడవ చుక్క ఎక్కడుందో చూసి అత్తకి చెప్పేవాడట. ఒకరోజు చుక్క అటూ ఇటూ అడ్డంగా పోతోందని ఆయన కంగారుపడిపోతే, "గాలి ఎదురొస్తన్నాది బాబూ. సంతలో ఎద్దు ఎదురొస్తే నువ్వు తిన్నగా ఎల్తావేటి?" అందట. నా సంగతి చెప్పాలంటే, నాకు ఆ రోజులు పండగే. గాలి నిండిన తెరచాప కింద కూర్చుని అటుకులు తింటూ పాటలు పాడుకున్నాను. గాలి పడిపోయినప్పుడు, "గాలి నీ బాబు కాదే, సెప్పిన మాట ఇనడానికి" అని అత్త ఎప్పుడో తిట్టిన తిట్టు గుర్తు చేసుకుని ఊరుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఉప్పునీరు దూరి ఆటోపైలట్ చేతులెత్తేసింది. చుక్కానిని తాడుతో కట్టి, కునుకు తీసి, లేచి సరిచేసుకుంటూ వచ్చాను. బొట్టు పెట్టించుకుని పడుకున్నావా అని దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. విశాఖ ఒడ్డున యారాడ కొండ కనిపించిన పొద్దున్న ఎవరూ వినడం లేదు కదా అని గట్టిగా కేకలు పెట్టాను.

వచ్చింది చివరి నుంచి రెండో స్థానం. "ఎనకాల ఒకడున్నాడు గదా. ఆడి అత్తకి ఎలగుంటాదో పాపం" అంది మా అత్త.

అసలు గండం ఒడ్డు మీదే ఉంది. పేపరు వాళ్ళు అత్త చుట్టూ చేరి, "మేనకోడలు అంత సముద్రంలో ఒంటరిగా వెళ్ళొచ్చింది కదా, భయం వెయ్యలేదా?" అని అడిగారు. అత్త చేతులు తిప్పుతూ, "ఒంటిగా ఏటి? ఇద్దరెల్లినారు" అంది. పోటీకి జడ్జిగా వచ్చిన పెద్దాయనకి తెలుగు రాదు. ఎవరో ఆ మాట ఆయన చెవిన వేశారు. ఒక్కరే వెళ్ళాల్సిన పోటీలో రెండో మనిషంటే పేరు కొట్టేస్తారు. ఆయన మొహం ముడుచుకుని వచ్చి, ఆ రెండో వ్యక్తి ఎవరో చెప్పమన్నాడు. కోచ్ ఆ ప్రశ్నని తెలుగులో అడిగాడు.

"పడవలోనే ఉన్నాడు, రా సూపిస్తాను" అని అత్త జడ్జిగారి చెయ్యి పట్టుకుని పడవలోకి లాక్కెళ్ళింది. ఉప్పు పేరుకుపోయిన ఆటోపైలట్, దాని మీద ఇంకా చెరగని బొట్టు. కోచ్ వాటాల సంగతంతా వివరించాడు. జడ్జిగారు బిగబట్టుకుందామని చూశాడు గానీ, ముందు భుజాలు కదిలాయి, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూలబడి నవ్వాడు. ఈలోగా అత్త గంపలోంచి గిన్నెలు తీసింది. కోనాం చేపల పులుసు, అన్నం. నాకో పళ్ళెం, రెండోవాడికో పళ్ళెం. అది దారిలో పాడైందని అప్పుడు చెప్పాను.

"సగం దార్లో పడుకున్నాడా?" అని దాని ముందున్న పళ్ళెం తీసేసింది. "పని సెయ్యనోడికి వాటా నేదు." ఆ పళ్ళెం జడ్జిగారికిచ్చింది. ఆయన వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు.

ఆ తర్వాత ఏడాది నుంచి ఆదివారాలు మా ఊరి ఉప్పుటేరులో ఆడపిల్లలకి చిన్న తెరచాప పడవలు నేర్పుతున్నాను. అవి ఒక్కళ్ళు కూర్చుంటే సరిపోయే పడవలు. అత్త గట్టు మీద కూర్చుని అందరికీ వంకలు పెట్టేది. పోయిన వేసవిలో ఒకరోజు ఉన్నట్టుండి లేచి, "నన్నెక్కించే" అంది.

మా ఊళ్ళో ఆడవాళ్ళు పడవకి బొట్టు పెడతారు, మొక్కుతారు, పడవ తెచ్చింది అమ్ముతారు. ఎక్కి వెళ్ళరు. అన్నేళ్ళు సముద్రం వల్లే బతికిన అత్త ఒక్కసారి కూడా పడవలో నీళ్ళ మీదకి వెళ్ళలేదని నాకప్పటిదాకా తట్టనేలేదు. చీర గోచీ పోసి కట్టుకుంది. లైఫ్ జాకెట్ వేస్తుంటే "దూడకి గోనె కట్టినట్టున్నాది" అని తిట్టింది. ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. చుక్కాని ఎలా పట్టుకోవాలో, తెరచాప తాడు ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో చూపించాను. రెండు మూడు సార్లు అటూ ఇటూ తిరిగాం. నేను చూపించినట్టే అత్త తాడు లాగింది, వదిలింది.

నడుంలోతు నీళ్ళ దగ్గరకొచ్చాక, "నువ్వు దిగు" అంది.

"అత్తా, ఒంటిగానా?"

"నువ్వున్నంతసేపూ ఇది నీ పడవే గదే. దిగు."

దిగాను. నా బరువు పోగానే పడవ తేలికై ఒక్క ఊపు ఊగింది. అత్త తాడు లాగింది. గాలి తెరచాపలో నిండింది. నాన్న నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చి "అప్పా, తిప్పీ! ఎనక్కి తిప్పీ!" అని అరుస్తున్నాడు. అత్త తిప్పలేదు. మా వైపు చూడకుండానే, తాడూ చుక్కానీ ఒక చేత్తోనే పట్టుకుని రెండో చెయ్యి వెనక్కి విసిరింది, గుమ్మంలో అడ్డొచ్చిన కోడిపిల్లల్ని తోలినట్టు. తర్వాత అవతలి గట్టు వైపు నుంచి, చిన్నపిల్ల నవ్వినట్టు, ఆమె నవ్వు ఒక్కటే నీళ్ళ మీదుగా వినిపించింది.