పై కొమ్మ ఆకు

పద్దెనిమిదేళ్లుగా ఆ గదిలో వదిన ఫ్యాను వేసుకుని పనిచేసింది లేదు. ఫ్యాను ఉంది, నెత్తిమీదే వేలాడుతోంది. వేయకూడదు. గాలి తగిలితే గాజుపెట్టెలోని తూకం యంత్రం అంకెలు గంతులేస్తాయి, ఎండుటాకులు లేచిపోతాయి. పక్కనేమో ఆకులు ఆరబెట్టే ఓవెను, డెబ్బై డిగ్రీల వేడిలో గుర్రుమంటూ ఉంటుంది. ఓవెనుకు వేరే గది ఇస్తే సరిపోయేది. ఇచ్చినవారు లేరు, ఆమె అడగలేదు. నోట్లో నాలుక లేని మనిషని ఆఫీసులో మంచిపేరు.

అడవుల పరిశోధన ఆఫీసు అది. అక్కడ చెట్లెక్కి ఆకులు కోసేది ఆమె మరిది. అతను "వదినా" అంటాడని ఊడ్చే అవ్వ దగ్గర్నుంచి అందరికీ వదినే అయిపోయింది, పెద్దసారుకు తప్ప. ఆయనకు ఆమె "ఏమ్మా".

మరిది తడిగుడ్డలో చుట్టి తెచ్చిన ఆకును వదిన గాజుపలక మీద పరిచి వైశాల్యం కొలుస్తుంది. మూడు రోజులు ఆరబెట్టి తూస్తుంది. గ్రాము ఎండుటాకు ఎంత మేర పరుచుకుంటుందో తెలిస్తే ఆ చెట్టు స్వభావం కొంత తెలిసినట్టే. వానలు దండిగా పడే అడవుల్లో పల్చగా, వెడల్పుగా పెరిగి తొందరగా రాలిపోయే ఆకులెన్నో. నీళ్లు కరువైన కొండల మీద చిన్నగా, మందంగా, ఏళ్ల తరబడి కొమ్మను వదలని ఆకులు ఎక్కువ. ఇలాంటి ఉక్కగదుల్లో ఎక్కడెక్కడివాళ్లో తూచిన అంకెలన్నీ ఒకచోట చేరతాయట. "మీరు తూచిన ఆకు ప్రపంచపటంలో ఒక చుక్కండీ" అని ఒకసారి వేరే ఊరి నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఒకావిడ చెప్పింది. వదిన ఇంటికెళ్లి భర్తకు చెప్పుకుంది.

"చుక్కలో నీ పేరుందా మరి?"

"చుక్కలో పేరెక్కడ పడుతుందండీ, ఇంతుంటేనూ!"

ఈ పనిలో ఒక నియమం ఉంది. ఆకును ఎండ తగిలే పై కొమ్మ నుంచే కోయాలి. అదే చెట్టుకు కింద నీడలో పెరిగిన ఆకు పల్చగా, వెడల్పుగా ఉంటుంది. దాన్ని తూస్తే కరువుకు తట్టుకునే చెట్టు కూడా సుకుమారంగానే కనిపిస్తుంది.

రెండేళ్ల కిందట మరిది తాడు పీచులు లేచింది. కొత్తదానికి అర్జీ పెట్టాడు. అది బల్లలు మారుతూ తిరుగుతూనే ఉంది. ఒకరోజు అతను తెచ్చిన ఆకును వదిన వేళ్ల మధ్య పట్టుకుని చూసింది.

"ఏంటి మరిదీ, ఇది ఎండ మొహం చూసిందేనా?"

"ఆకు ఆకే కదా వదినా! తాడూ బొంగరం లేనివాణ్ని చేశారు నన్ను. ఎక్కమంటావా చెప్పు, ఎక్కుతా."

ఇద్దరు పిల్లల తండ్రిని ఆ తాడుతో ఎక్కమని ఏ వదిన అంటుంది? ఆమె ఆ ఆకునే కాగితం సంచిలో వేసింది. సంచి మీద చీటీలో మాత్రం తన చేత్తోనే "పై కొమ్మ" అని రాసింది. రెండేళ్లు అలాగే రాసింది.

ఈ ఏడు ఆ అంకెలతో నివేదిక వచ్చింది. మరిది ఎక్కే మన కొండ మీది చెట్ల ఆకులు మరీ పల్చన, రాబోయే కరువులకు ఆగవు, కాబట్టి కొట్టేసి తొందరగా పెరిగే కలప మొక్కలు నాటాలని. పెద్దసారు నిమ్మకు నీరెత్తినట్టు చదివి వినిపించాడు. వదినకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే మరిది పని పోతుంది, లేదా ఆ తాడుతోనే పైకెక్కిస్తారు. చెప్పకపోతే కొండే పోతుంది.

సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని మరిది అన్నాడు, "చెప్పకు వదినా, నన్ను తీసేస్తారు."

"తీసేస్తే ఇద్దర్నీ తీసేస్తారు. చీటీ రాసింది నా చెయ్యే."

అతను తలెత్తి కొండవైపు చూశాడు. "కొండే పోతే నేనెక్కేదేముందిలే. చెప్పు."

మర్నాడు వదిన పెద్దసారు బల్ల మీద రెండు సంచులు పెట్టింది. ఒకే చెట్టువి. ఒకటి ఐదేళ్ల కిందటిది, ఒకటి మొన్నటిది. పాత ఆకు అట్టముక్కలా ఉంది. కొత్తది ఉల్లిపొరలా ఉంది.

"ఇంతకాలం ఏం చేస్తున్నావమ్మా?"

"చెమట తుడుచుకుంటున్నాను సార్. కొత్తది కింది కొమ్మది. చెట్టు అబద్ధం చెప్పలేదు, చీటీ మీద నేను రాశాను. తాడు ఇవ్వకుండా మీరు రాయించారు. కొత్త తాడు, నడుముపట్టీ వచ్చేదాకా ఒక్క ఆకు కూడా తూచను."

ఆ గదిలో అంత పెద్ద మాట ఆమె ఎన్నడూ అనలేదు. ఇద్దరికీ సంజాయిషీ నోటీసులు వచ్చాయి. ఆమె సంచుల పుణ్యమా అని నరికే పని మాత్రం ఆగింది, మళ్లీ కొలిచేదాకా. కొలవాలంటే ఎక్కాలి. తాడు ఇంకా రాలేదు. ఓవెను చల్లగా ఉంది. తూకం యంత్రానికి ముసుగేసి, ఆమె మొట్టమొదటిసారి ఫ్యాను వేసుకుని కూర్చుంది.

చెట్ల పేరు చెప్పి నివేదికలు రాసుకునేవారు ఎక్కినవాడి పేరు రాయరు. అందుకే అడుగుతున్నాను. మీ ఊళ్లో ఏ చెట్లనైనా పనికిరావని కొట్టేస్తామంటే, అభిప్రాయాలు చెప్పే సమావేశానికి వెళ్లండి. ముందు వరసలో కూర్చోండి. ఆకు ఏ కొమ్మది, ఎవరెక్కి కోశారు, ఎవరు తూచారు అని అడగండి. ఎక్కినవాడికి తాడు ఇచ్చారా అని అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.