సర్వితోపులో పెద్దది

మొన్న తోరణగల్లు నుంచి కంపెనీ బస్సులో వస్తూ, రోడ్డు నడుమ నాటిన లేతమొక్కలకు ట్యాంకరుతో నీళ్లు పడుతుంటే చూశాను. అంతే, చోరనూరు దగ్గరి మా సర్వితోపు, అదే సరుగుడుతోట, కళ్లముందుకు వచ్చి నిలిచింది.

ఇనుపగనులు జోరుగా నడిచే కాలం అది. ఊళ్లో సగంమంది లారీలు కొంటుంటే, నాయన మాత్రం ఉన్న చేనంతా సర్వి నాటాడు. ఒకవైపు కోతకొచ్చిన పెద్దచెట్లు, గాలి వీస్తే వాన కురిసినట్టు హోరుమనేవి. ఇంకోవైపు మోకాలెత్తు మొక్కలు. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. బోరు పోసే సన్నటి ధార సిమెంటు తొట్టిలో సగానికి కూడా వచ్చేది కాదు.

“పెద్దవాటికి యేర్లు లోతుకు పోయుంటాయి, ఓర్చుకుంటాయి. చిన్నవాటికే పోయాల” అన్నాడు నాయన. మోయడానికి అక్కను బడి మానిపించాడు. అక్క పదో తరగతి, నేను ఇంకా చిన్నదాన్ని.

“పిల్ల మొగం చూసినావా, యెట్ల వాడిపోయుండాదో” అని అమ్మ అంటే, “పెద్దది గదా, ఓర్చుకుంటాది” అన్నాడు.

ఎండలు ముదిరేసరికి పెద్దచెట్లు కొసలనుంచి ఎర్రబారడం మొదలుపెట్టాయి. నాయన ఒకదాని మొదట్లో తవ్విచూస్తే, వేర్లన్నీ మూరెడు లోతులోనే చాపలా పరుచుకుని ఉన్నాయి. ఏళ్లతరబడి బోరు కాలువల్లో పారిన నీళ్లు తాగి పెరిగిన చెట్లు, కిందికి దిగే అవసరమే వాటికి రాలేదు. పైన చూస్తే అంత గుబురు, అంత దాహం. నిలబడినవి నిలబడినట్టే ఎండిపోయాయి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అక్క బిందెతో సహా మొక్కల మధ్య కూలిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. అమ్మా నాయనా ఆమెను ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తారు, వెనకాల నేను. గనుల మట్టి లారీలు ఒకదాని తోకపట్టుకుని ఒకటి, ఎర్రదుమ్ము మా మీద పోస్తూ వెళ్లిపోయాయి. నాయన చేతులు జోడించి రోడ్డుకు అడ్డం నిలబడితే, ఒక డ్రైవరు పక్కకు తిప్పుతూ, “నిలిపితే లోడింగు కాడ నా లైను పోతాదప్పా!” అని అరిచి పోయాడు. చివరికి పాలటెంపో ఒకటి ఆగింది. అప్పటికే అమ్మ ఒడిలో అక్క ఊపిరి ఆగిపోయింది.

కర్మకాండ ముగిసిన మర్నాడు తెల్లవారుతూనే నాయన బిందె తెచ్చి నా ముందు పెట్టాడు. “ఇంక నువ్వేమ్మా పెద్దదానివి” అన్నాడు. నా మొహం చూడలేదు.

ఆ మొక్కలు బతికాయి. ఏపుగా పెరిగి, కట్టడాల సెంట్రింగు గుంజలకు పోయాయి. నరికిన రోజు అమ్మ తలుపేసుకుని బయటికి రాలేదు.

ఇప్పుడు ఆ దారిన అన్ని లారీలు లేవు. పొద్దున్నే ఆడపిల్లలు సైకిళ్ల మీద నవ్వుకుంటూ హైస్కూలుకు పోతుంటారు. నా కూతురు కాలేజీలో చేరింది. ఒంట్లో కాస్త నలతగా ఉన్నా నేను గడప దాటనివ్వను. దాని పక్కన ఊహించుకుంటే అక్క ఎంత పసిపిల్లో తెలుస్తోంది. ఆనాడు మా ఇంట్లో అందరికీ ఆమె పెద్దదిగానే కనబడింది.