ప్రెసిడెంటమ్మ ఎత్తని చెయ్యి

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఏడో తరగతిలోనే బడి మానిపించారు. అక్షరాలు వంకరపోతే అది తొందర వల్ల. మా వారు ఐదున్నరకు ఇంటికొస్తారు, ఈలోగా ముగించాలి. మన ఆడవాళ్ళ పత్రికలో పోయినవాళ్ళను తలుచుకుని రాస్తుంటారు కదా, నేనూ ఒకరి గురించి రాయాలనుకున్నాను.

పోయిన మంగళవారం ఇద్దరు ఆడవాళ్ళు మా తలుపు కొట్టారు. ప్రతి నెలా రెండో మంగళవారం జంటగా వస్తారు. ఎప్పుడూ ముందు నిలబడే ఆవిడ ఈసారి లేదు. "సిస్టర్, మా ప్రెసిడెంట్ ఇక లేరు. ఆదివారం చర్చిలో కూర్చుని ఉండగానే గుండె ఆగిపోయింది" అన్నారు. వాళ్ళను లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయాను.

ఆవిడ ఈ ఊరి మోర్మన్ చర్చిలో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో పురుడు, ఎవరికి కప్పుకోవడానికి లేదు, అన్నీ ఆ సంఘమే చూసుకుంటుంది. మేము ఆ చర్చివాళ్ళం కాదు. మాది గుంటూరు వైపు, మామగారు పాస్టరు. ఎనభైలో పెళ్ళయి ఈ యూటా కొండల మధ్యకు వచ్చాను. మా వారికి లాబ్‌లో ఉద్యోగం. నాకు కారు నడపడం రాదు, అప్పుడు ఇంగ్లీషూ రాదు. కిటికీలోంచి చూస్తే కొండ, కొండ మీద మంచు, అంతే. "మీ ప్రెసిడెంటమ్మ వచ్చిందా ఇవాళ?" అని మా వారు వెక్కిరించేవారు. ఆవిడకు ఆ పేరే నా నోటికీ అలవాటైపోయింది.

మొదటిసారి వచ్చినప్పుడు టీ పెట్టి ఇచ్చాను. వాళ్ళు టీ, కాఫీ ముట్టరని నాకేం తెలుసు? ఆవిడ కప్పు పక్కకు జరపలేదు. రెండు చేతులతో పట్టుకుని, చల్లారేదాకా అలాగే ఉంచుకుని, "చేతులు తాగేశాయి, థాంక్యూ" అంది. వెళ్ళబోతూ "మీకేం కావాలి?" అని అడిగింది. "ఏమీ వద్దు" అన్నాను. ప్రతి నెలా అదే అడిగేది. నేనూ అదే చెప్పేదాన్ని.

ఒక నెల మాత్రం నా నోటి నుంచి ఇంకో మాట వచ్చింది. "బయటికి వెళ్ళాలి" అన్నాను. కోటు బొత్తాలు పెట్టుకుంటున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

ఆ వారం నుంచి ప్రతి గురువారం తన కారులో నన్ను చర్చికి తీసుకెళ్ళేది. అక్కడ చెక్క చట్రానికి బొంత బిగించి, చుట్టూ పదిమంది కూర్చుని కుట్టేవారు. కుట్టుపనే కదా అని మా వారు ఒప్పుకున్నారు. అమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది, నాకూ ఆ పని తెలుసు. కానీ వాళ్ళ కుట్లు నువ్వుగింజలంత, నావి బియ్యపుగింజలంత. నేను లేవగానే ఒకావిడ నా కుట్లు విప్పబోయింది. "ఉండనీ" అంది ప్రెసిడెంటమ్మ. "చలిలో కప్పుకునేవాళ్ళు కుట్లు చూడరు."

ఆవిడకు ఏడుగురు పిల్లలు. నర్సు చదువు సగంలో ఆపి పెళ్ళి చేసుకుందట. యాభై దాటాక మళ్ళీ చదువుదామని కాలేజీ కాగితాలు తెప్పించుకుంది. వంటింటి సొరుగులో దాచినవి ఒకసారి నాకు చూపించింది. ఐదేళ్ళు ప్రెసిడెంటుగా చేశాను, ఈసారి దింపేస్తారు, అప్పుడు చదువుకుంటాను అనేది. వాళ్ళ చర్చిలో పదవి కావాలని అడగరు, ఇస్తే వద్దనరు. పైనున్న మగవాళ్ళు పేరు చదువుతారు, జనం కుడిచెయ్యి ఎత్తి సరేనంటారు.

మా వారు పని మీద ఊరెళ్ళిన ఒక ఆదివారం, "ఇవాళ నన్ను దింపేస్తారు, వచ్చి చూడు" అని చర్చికి తీసుకెళ్ళింది. వెనక వరసలో కూర్చున్నాను. ముందు నిలబడ్డాయన మళ్ళీ ఆవిడ పేరే చదివి, సరేననేవాళ్ళు చెయ్యెత్తమన్నాడు. అందరి చేతులూ లేచాయి, ఆవిడది కూడా. నేనొక్కదాన్నే ఎత్తకపోతే ఏం బాగుంటుందని, సిగ్గు చంపుకుని, ఆలస్యంగా ఎత్తాను. అప్పటికి అందరూ దించేశారు. వద్దనేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆయన అడుగుతున్నాడు. హాలంతటికీ నా చెయ్యొక్కటే, గాజులతో సహా.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఏడ్చాను. "తెలియక చేశాను, క్షమించండి" అన్నాను. ఆవిడ కారు పక్కకు ఆపి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

"వాళ్ళ మొహాలు చూశావా సిస్టర్? ఆ హాల్లో అలా లేచిన చెయ్యి నేను పుట్టి ఎరగను!"

కాసేపటికి నవ్వు ఆగింది. స్టీరింగ్ మీద ఉన్న తన కుడిచెయ్యి చూసుకుంటూ, "అది నేను ఎత్తాల్సింది" అంది.

కాలేజీ కాగితాలు సొరుగులోనే ఉండిపోయాయి.

ఆదివారం సంగతి లాబ్‌లో ఎవరో నవ్వుతూ మా వారి చెవిన వేశారు. "వాళ్ళ చర్చిలో చేతులెత్తడానికా నిన్ను ఇంత దూరం తెచ్చింది? మా నాన్నకు తెలిస్తే ఇంకేమైనా ఉందా?" అన్నారు. గురువారాలు ఆగిపోయాయి. ఆవిడ మాత్రం రెండో మంగళవారం మానలేదు. లోపలికి రాకుండా గడప అవతలే నిలబడి "మీకేం కావాలి?" అనేది. ఒకసారి నేనే తిరిగి అడిగాను, "మీకేం కావాలి?" అని. "ఏమీ వద్దు" అంది, అచ్చం నాలాగే.

ఇవాళ ఆవిడ ఆఖరి చూపు. పొద్దున టిఫిన్ దగ్గర మా వారిని అడిగాను.

"ఏమండీ, ఒక్క అరగంట వెళ్ళొస్తాను."

"వద్దు. మన చర్చి కాదు, మన మనిషీ కాదు. సరేనా?"

ఎప్పుడైనా సరేననే అంటాను. ఇవాళ ఆ మాట రాలేదు. నా కుడిచెయ్యి లేచింది, భుజం దాకా. తన వెనక అరలో ఉన్న ఉప్పు డబ్బా కోసమనుకున్నారు. ఆయనే అందుకుని నా చేతిలో పెట్టి ఆఫీస్‌కి వెళ్ళిపోయారు.

డబ్బా బల్ల మీద పెట్టి, కోటు వేసుకుని నడిచాను. ఎప్పుడూ కారులో వెళ్ళిన దారి, నడిస్తే ఎంత దూరమో తెలియలేదు. మంచులో వేసుకునే బూట్లు నాకు కొనలేదు, ఎక్కడికీ వెళ్ళను కదా. ఉన్న చెప్పులతోనే వెళ్ళాను.

పెట్టెలో ఆవిడ తెల్లబట్టల్లో ఉంది. కుడిచెయ్యి ఎడమచేతి మీద ఉంది. ఇక దాన్ని ఎవరూ ఎత్తమనరు. పక్కన బల్ల మీద మేము కుట్టిన బొంత పరిచి ఉంచారు. నా బియ్యపుగింజలు పైకే కనిపిస్తున్నాయి. ఎవరూ విప్పలేదు.

పేర్లు కావాలనే రాయలేదు. అచ్చు వేశాక ఈ కాగితం కాల్చెయ్యండి, నా చేతిరాత ఆయన గుర్తుపడతారు. ఇప్పుడు ఐదు దాటింది. చెప్పులు హీటర్ దగ్గర ఆరబెట్టాను. తోలు ఇంకా తడిగానే ఉంది.